పండగ పూట రెట్రో ఎలా పెట్టాలి: ఉగాది పచ్చడి నుంచి నీలాపనిందల దాకా

సంక్రాంతి దగ్గర పడినా ఉగాది వస్తున్నా విశాఖలో ఋషికొండ, మధురవాడ వైపు పనిచేసే స్క్రమ్ మాస్టర్లు, అంటే సాఫ్ట్‌వేర్ టీమ్‌లో స్క్రమ్ అనే పని పద్ధతిని నడిపించేవాళ్ళు, అడిగేది ఒకటే. "ఈసారి రెట్రో కొంచెం సరదాగా పెట్టమంటున్నారండీ, ఏం చెయ్యమంటారు?" అడిగిన ప్రతి ఒక్కరికీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే పోతుంది కదా అని ఇది. రెట్రో అంటే రెట్రోస్పెక్టివ్, ఒక విడత పని (దాన్నే స్ప్రింట్ అంటారు) అయ్యాక ఏం బాగా జరిగింది, ఏం మార్చుకోవాలి అని టీమ్ కూర్చుని మాట్లాడుకునే మీటింగ్.

చాలా ఆఫీసుల్లో పండగ రెట్రో అంటే బోర్డు చుట్టూ బంతిపూల దండ, అందరూ చీరలూ కుర్తాలూ, ఒక గ్రూప్ ఫొటో, తర్వాత మళ్ళీ అదే "ఏం బాగా జరిగింది, ఏం జరగలేదు" అని రెండు గళ్ళు, ఎప్పుడూ మాట్లాడే ఆ నలుగురే మాట్లాడ్డం, మిగతావాళ్ళు స్వీట్ బాక్స్ వైపు చూడ్డం. దండకి పెట్టిన టైమ్ ప్రశ్నకి పెట్టి ఉంటే బాగుండేది. మన పండగల్లో ప్రశ్నలు రెడీగానే ఉన్నాయి. ఉగాది ఆరు రుచులూ ఒకేసారి తినమంటుంది, భోగి పాతవి పారెయ్యమంటుంది, వినాయక చవితి కథ నింద వేసేముందు అడుగుజాడలు చూడమంటుంది. టీమ్‌ని అదే అడగండి చాలు, డెకరేషన్ ఉన్నా లేకపోయినా నడిచిపోతుంది.

ఉగాది రెట్రోని పూర్తిగా చెప్తాను, మిగతా పండగలకి అదే చట్రం వాడుకోవచ్చు, ఏం మారుతుందో మాత్రం చివర్లో చెప్తా.

ఏం కావాలి

- వైట్‌బోర్డ్, లేదంటే గోడకి అంటించే పెద్ద చార్టు.
- ఆరు రంగుల స్టిక్కీ నోట్లు. ఆరు దొరక్కపోతే ఒక్క రంగే తీసుకుని బోర్డు మీద ఆరు గిన్నెలు గీసేయండి, ఏం తేడా పడదు.
- స్కెచ్ పెన్నులు, మనిషికొకటి. బాల్ పెన్నుతో రాస్తే మూడడుగుల దూరం నుంచి ఎవరికీ కనపడదు, అప్పుడు మీరే అన్నీ చదివి వినిపించాల్సి వస్తుంది.
- స్టిక్కర్ బొట్టుబిళ్ళలు రెండు ప్యాకెట్లు. ఓటింగ్‌కి. జగదాంబ దగ్గరో పూర్ణా మార్కెట్లోనో ఏ ఫ్యాన్సీ షాపులో అడిగినా ఇస్తారు, ఆఫీస్ స్టేషనరీలో దొరికే చుక్కల స్టిక్కర్ల కంటే చాలా చవక, పైగా బోర్డు కళగా ఉంటుంది.
- ఒక ఏటికొప్పాక లక్క బొంగరం. తప్పనిసరి కాదు. బొంగరం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి అని రూల్ పెట్టడానికి. మధ్యలో అందుకునే వాళ్ళు ప్రతి టీమ్‌లోనూ ఒకరుంటారు, వాళ్ళకి నోటితో చెప్పడం కంటే ఇది మర్యాదగా ఉంటుంది.
- పోయిన రెట్రోలో అనుకున్న యాక్షన్ల, అంటే చేద్దామని ఒప్పుకున్న పనుల లిస్టు. ఇది లేకుండా మాత్రం మీటింగ్ మొదలెట్టొద్దు.
- కొందరు ఇంటి నుంచి జాయిన్ అవుతుంటే మిరో, మ్యూరల్ లాంటి ఆన్‌లైన్ బోర్డు. అవి ఆఫీసులో బ్లాక్ చేసి ఉంటే ఆరు కాలమ్‌లతో ఒక షేర్డ్ షీట్ ఓపెన్ చేసుకోండి, నిజంగా సరిపోతుంది.

టైమ్ సంగతి. స్క్రమ్ నియమాలు రాసి ఉన్న స్క్రమ్ గైడ్ ప్రకారం నెల రోజుల స్ప్రింట్‌కి రెట్రో గరిష్ఠంగా 3 గంటలు, స్ప్రింట్ చిన్నదైతే మామూలుగా ఇంకా తక్కువే పడుతుంది. రెండు వారాల స్ప్రింట్, ఏడెనిమిది మంది టీమ్ అయితే గంటంపావు పెట్టుకోండి. కింద స్టెప్పులకి నేను వేసిన నిమిషాలన్నీ కలిపితే అంతే వస్తుంది.

రోజు ఎప్పుడు పెట్టాలి

దీన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ సగం రెట్రోలు ఇక్కడే చెడతాయి. సంక్రాంతికి మన ఊళ్ళో టీమ్ సగం శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల వైపు వెళ్ళిపోతుంది. "కనుమ నాడు కాకైనా కదలదు" అంటారు, మీ ఫ్రంటెండ్ డెవలపర్ కదుల్తాడా? ఊరికి బయల్దేరే రోజు కూడా వద్దు, మనిషి మీటింగ్ రూమ్‌లో ఉన్నా మనసు అప్పటికే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడి ఉంటుంది. ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు పెట్టండి, లేదా అందరూ తిరిగొచ్చాక రెండో రోజు పెట్టండి. తిరిగొచ్చిన మొదటి రోజు ఎవరికీ పాస్‌వర్డ్ కూడా గుర్తుండదు.

ఉగాదికి ఇంకో చిక్కుంది. అది మార్చి, ఏప్రిల్‌లో పడుతుంది, అప్పుడే చాలా కంపెనీల్లో అప్రైజల్ గొడవ నడుస్తుంటుంది. రేటింగ్ ఇంకా రాని మనిషి "ఈ క్వార్టర్‌లో నాకు చేదుగా అనిపించింది ఇది" అని నోరు తెరిచి చెప్పడు. వీలైతే రేటింగ్‌లు తేలిపోయాక పెట్టండి. కుదరకపోతే చీటీలు పేర్లు లేకుండా, అందరూ ఒకే రంగు పెన్నుతో రాయించండి.

రంజాన్ నెల నడుస్తుంటే ఉపవాసం ఉన్నవాళ్ళ ఎదురుగా సాయంత్రం నాలుగింటికి ప్లేట్లు పరచొద్దు. తిండి ఇఫ్తార్ టైమ్‌కి జరపండి, లేదా ఆ రోజుకి తిండి లేకుండా కానివ్వండి. కార్తీకమాసంలో ఎగ్ పఫ్‌లు తెప్పించే ముందు కూడా ఒకసారి అడగండి.

ఉగాది పచ్చడి రెట్రో

1. ముందు రోజు మెసేజ్ పెట్టండి. పెద్ద మెయిల్ అక్కర్లేదు. ఇలా పెడితే చాలు: "రేపు మూడున్నరకి రెట్రో. ఈ క్వార్టర్లో మీకు బెల్లం అనిపించింది ఒకటి, వేపపువ్వు అనిపించింది ఒకటి గుర్తు చేసుకుని రండి. స్లైడ్లు వద్దు, లాప్‌టాప్‌లు వద్దు." గుర్తు చేసుకుని రమ్మనడం ముఖ్యం, లేకపోతే అందరికీ గుర్తుండేది పోయిన మూడు రోజుల్లో జరిగిందే.

మేనేజర్ గారు వస్తానంటే? మంచి మనిషైనా సరే ఆయన కూర్చుంటే వేపపువ్వు గిన్నె ఖాళీగా ఉంటుంది. "సార్, చివర్లో రండి, మీ సాయం కావాల్సినవి అప్పుడు చెప్తాం" అనండి. ఇలా చెప్తే ఎవరూ నొచ్చుకోరు. ఏ పని ముందు చెయ్యాలో తేల్చే ప్రొడక్ట్ ఓనర్ సంగతి వేరు, ఆవిడ టీమ్ మనిషే, మొదటి నుంచీ ఉండాలి.

2. పాత లెక్క తేల్చండి, 5 నిమిషాలు. పోయినసారి అనుకున్నవి చదవండి, ఒక్కోదాని పక్కన అయింది, కాలేదు, ఇక అక్కర్లేదు అని రాయండి. కాకపోతే కారణం ఒక్క వాక్యం, అంతకంటే సాగదీయొద్దు.

3. రూల్ చెప్పండి, గిన్నెలు గీయండి, 5 నిమిషాలు. నార్మన్ కెర్త్ అనే ఆయన రెట్రోల కోసం ఒక మాట రాసిపెట్టాడు, దాన్ని ప్రైమ్ డైరెక్టివ్ అంటారు. సారం ఏంటంటే, అప్పటికి తెలిసినంతలో, చేతిలో ఉన్నదాంతో ప్రతి ఒక్కరూ చెయ్యగలిగినంత బాగానే చేశారని నమ్మి మొదలెడదాం అని. దాన్ని ఇంగ్లిష్‌లో స్లైడ్ మీద వేసి చదివితే జాతీయగీతానికి నిలబడ్డట్టు నిలబడతారు. మీ మాటల్లో తెలుగులో చెప్పండి: "ఎవరూ కావాలని చెడగొట్టరు, పని గురించే మాట్లాడుకుందాం, మనిషి గురించి వద్దు."

ఇప్పుడు బోర్డు మీద ఆరు గిన్నెలు:

- బెల్లం: బాగా జరిగింది, మళ్ళీ జరగాలి.
- వేపపువ్వు: మింగలేక మింగింది.
- చింతపండు: నేర్పుగా నెట్టుకొచ్చాం గానీ సరిగ్గా పరిష్కరించలేదు. తాత్కాలికంగా వేసిన ప్యాచ్‌లన్నీ ఇక్కడికే.
- మామిడికాయ: కొత్తగా తగిలింది, ఇంకా వగరుగానే ఉంది. కొత్త టూల్, కొత్త క్లయింట్, కొత్తగా చేరిన మనిషికి ఎదురైన ఇబ్బందులు.
- కారం: ఓర్పు పోయిన సందర్భాలు.
- ఉప్పు: కనపడదు గానీ అది లేకపోతే పని రుచే ఉండదు. ఎవరికి థ్యాంక్స్ చెప్పాలనుందో వాళ్ళ పేరు, ఏ పనికో.

టీమ్‌లో ఒడియా వాళ్ళూ తమిళం వాళ్ళూ ఉత్తరాది వాళ్ళూ ఉంటే ముందు ఆరు రుచుల సంగతి ఒక నిమిషం చెప్పించండి, మీరు కాదు, టీమ్‌లో కొత్తగా చేరిన తెలుగు పిల్లో పిల్లాడో చెప్తే బాగుంటుంది. మొదటిసారి నోరు తెరిచే అవకాశం అక్కడ దొరుకుతుంది.

4. చప్పుడు లేకుండా రాయడం, 8 నిమిషాలు. ఇక్కడ ఎవరూ మాట్లాడకూడదు, మీరు కూడా. నిశ్శబ్దం ఇబ్బందిగా ఉందని మధ్యలో జోకులేసే స్క్రమ్ మాస్టర్లున్నారు, దయచేసి వెయ్యకండి. ఒక చీటీకి ఒక్క విషయం. ప్రతి మనిషీ కనీసం మూడు గిన్నెల్లో ఒక్కోటి వెయ్యాలి అని చెప్పండి, అప్పుడు అందరూ బెల్లం దగ్గరే ఆగిపోరు. మనుషుల పేర్లు ఉప్పు గిన్నెలో తప్ప ఇంకెక్కడా రాయొద్దు.

చీటీ ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చూపించండి. "కమ్యూనికేషన్ ప్రాబ్లెమ్" అని రాస్తే దాన్ని ఏం చేసుకుంటాం? "పేమెంట్ స్క్రీన్‌లో ఒక ఫీల్డ్ మారిందని టెస్టర్లకి మూడో రోజు తెలిసింది" అని రాస్తే పట్టుకుని లాగడానికి ఒక కొస దొరుకుతుంది.

5. చదవడం, కలపడం, 12 నిమిషాలు. ఒక్కొక్కరూ వచ్చి తమ చీటీలు అంటించి చదవాలి. పేర్లు లేకుండా రాయించి ఉంటే మాత్రం అన్నీ కలిపేసి మీరే చదవండి. ఒకే విషయం మీద ఉన్నవి ఒక కుప్పగా. ఇప్పుడే వివరణలు మొదలవుతాయి, "అది కాదన్నా, ఆ రోజు ఏమైందంటే" అని. ఆపండి. "అర్థం కాకపోతే అడగండి, జవాబు తర్వాత" అంటే చాలు. బొంగరం పనికొచ్చేది ఇక్కడే.

ఉప్పు చీటీలు మాత్రం పూర్తిగా చదవనివ్వండి, తొందరపెట్టొద్దు. రాత్రి పదింటికి ప్రొడక్షన్ (కస్టమర్లు నిజంగా వాడే సిస్టమ్) సమస్య చూసిన మనిషికి అందరి ముందూ ఆ మాట వినపడాలి.

6. బొట్టుబిళ్ళలు, 5 నిమిషాలు. మనిషికి మూడు. మూడూ ఒకే కుప్పకి పెట్టుకోవచ్చు, పంచుకోవచ్చు. అందరూ ఒకేసారి లేచి అంటించాలి, టెక్ లీడ్ మాత్రం చివర్లో. లీడ్ మొదట అంటిస్తే మిగతావన్నీ ఆ కుప్ప మీదికే వెళ్తాయి, చూడండి కావాలంటే. ఆన్‌లైన్‌లో అయితే ఓట్లు దాచిపెట్టే ఆప్షన్ ఆన్ చెయ్యండి.

బెల్లం కుప్పకి ఓట్లు ఎక్కువొస్తే కంగారు పడొద్దు. "ఇది ఎలా కుదిరింది, వచ్చే స్ప్రింట్‌లో కూడా కుదరాలంటే ఏం చెయ్యాలి" అని దాని మీదే మాట్లాడొచ్చు. అది వేపపువ్వు గురించి మాట్లాడ్డం కంటే ఎక్కువ పనికొచ్చిన సందర్భాలు చాలానే ఉంటాయి.

7. తవ్వడం, 20 నిమిషాలు. ఓట్లు ఎక్కువొచ్చిన ఒకటి, మహా అయితే రెండు కుప్పలు. టయోటా వాళ్ళు ఫ్యాక్టరీల్లో వాడిన ఐదుసార్లు ఎందుకు అడగడం అనే పద్ధతి ఇక్కడ సరిపోతుంది. ఒక ఉదాహరణ:

స్టేజింగ్ (రిలీజ్‌కి ముందు పరీక్షించే సర్వర్) శుక్రవారం సాయంత్రం పడిపోయింది. ఎందుకు? డిస్క్ నిండిపోయింది. ఎందుకు? పాత లాగ్‌లు పేరుకుపోయాయి. తీసే స్క్రిప్ట్ లేదా? ఉంది, పాత సర్వర్‌లో ఉండిపోయింది. కొత్తదానికి ఎందుకు రాలేదు? సర్వర్ మార్చేటప్పుడు ఏమేం తీసుకెళ్ళాలో చూసుకునే లిస్టే మనకి లేదు.

చూశారా, మొదట్లో ఆగిపోతే "డిస్క్ పెంచుదాం" అని రాసుకుని వెళ్ళిపోయేవాళ్ళు, రెండు నెలల తర్వాత అది కూడా నిండేది. ఒక జాగ్రత్త, "ఎందుకు" అనే మాట మనిషి మీదికి వెళ్తే పోలీస్ స్టేషన్ అయిపోతుంది. "నువ్వెందుకు చెయ్యలేదు" బదులు "అప్పుడు ఏం జరిగింది, అప్పటికి మనకేం తెలుసు" అని అడగండి.

8. యాక్షన్లు, 10 నిమిషాలు. ఒకటి లేదా రెండు. మూడోది ఎంత బాగున్నా వద్దు. ప్రతిదానికీ ఒక మనిషి పేరు, ఒక తేదీ, అయిందని ఎలా తెలుస్తుందో ఒక గుర్తు. "టీమ్ అందరూ చూసుకోవాలి" అని రాస్తే ఎవరూ చూసుకోరని అందరికీ తెలుసు. రాసినదాన్ని ఆ రూమ్‌లోంచి బయటికి రాకముందే పనులు నమోదు చేసే టూల్ జీరాలో వచ్చే స్ప్రింట్ బ్యాక్‌లాగ్‌లో (చెయ్యాల్సిన పనుల లిస్టులో) స్టోరీల, అంటే మిగతా పనుల పక్కనే పెట్టేయండి. విడిగా "రెట్రో నోట్స్" అని ఒక పేజీలో పెడితే అది మళ్ళీ తెరిచేది వచ్చే ఉగాదికే. మేనేజర్ గారిని పిలిచేది ఇప్పుడే, టీమ్ చేతిలో లేనివి, అంటే లైసెన్సు, పర్మిషన్, ఇంకో టీమ్‌తో మాట్లాడ్డం లాంటివి ఆయనకి అప్పజెప్పండి, ఆయన పేరూ తేదీ కూడా రాయండి.

9. పంచాంగ శ్రవణం, 5 నిమిషాలు. ఇది అసలు సరదా. వచ్చే స్ప్రింట్‌కి టీమ్ రాశిఫలం మీరే చెప్పుకోవాలి. ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత. గొంతు బాగున్నవాళ్ళు సిద్ధాంతి గారి ఫక్కీలో చదివితే రూమ్ దద్దరిల్లుతుంది. "స్క్రమ్ నామ సంవత్సరంలో డెవలపర్ల రాశి వారికి ఆదాయం 5, వ్యయం 11, మంగళవారాలు మీటింగ్ గండం ఉన్నది, పుల్ రిక్వెస్టులు చిన్నవిగా పెట్టిన శాంతి కలుగును." (పుల్ రిక్వెస్ట్ అంటే రాసిన కోడ్‌ని చూసి కలపమని అడగడం.) నవ్వులాటే గానీ అందులోంచి రిస్కులు బయటికొస్తాయి, మామూలుగా "రిస్కులేమైనా ఉన్నాయా" అంటే ఎవరూ చెప్పనివి. అవమానం మాత్రం మనుషులకి వెయ్యకండి, కొత్త కోడ్‌ని సర్వర్‌లో పెట్టే ఏ డిప్లాయ్‌మెంట్ స్క్రిప్ట్‌కో, పాత లైబ్రరీకో వెయ్యండి.

10. వేళ్ళు చూపించండి, 5 నిమిషాలు, తర్వాత పచ్చడి. ఈ గంటంపావు వృథానా, పనికొచ్చిందా? ఒకటి నుంచి ఐదు వేళ్ళు, అందరూ ఒకేసారి. మూడు కంటే తక్కువ చూపించినవాళ్ళని అందరి ముందు నిలదీయొద్దు, తర్వాత టీ దగ్గర అడగండి. పచ్చడి చివరికే ఎందుకంటే మొదట్లో పెడితే పులిహోర, బొబ్బట్లు కూడా వచ్చేస్తాయి, తిన్నాక ఎనిమిది నిమిషాల నిశ్శబ్దం ఇస్తే సగం మంది నిద్రపోతారు. తినమని ఎవర్నీ బలవంతం చెయ్యకండి.

ఎక్కడ దెబ్బతింటుంది

క్విజ్‌తో మొదలెట్టడం. "ఈ ఉగాది పేరేంటి, అరవై సంవత్సరాల పేర్లు ఎన్ని తెలుసు" అని ఐస్‌బ్రేకర్ పెడతారు, ఇరవై నిమిషాలు పోతుంది, తెలుగు రానివాళ్ళు ఫోన్లు తీస్తారు. ఆటకి మొత్తం ఐదు నిమిషాలు మించొద్దు, అదీ తొమ్మిదో స్టెప్పులో వస్తోంది కదా.

ఇంటి నుంచి జాయిన్ అయినవాళ్ళని వదిలెయ్యడం. స్పీకర్‌లోంచి నవ్వులు మాత్రం వినపడుతుంటాయి, కెమెరా చార్టు వైపు ఉండదు, పైగా వీళ్ళు అక్కడ తింటున్నారు. ఒక్కరు బయట ఉన్నా బోర్డు ఆన్‌లైన్‌లోనే పెట్టండి, రూమ్‌లో ఉన్నవాళ్ళు కూడా ఫోన్ల నుంచి రాయాలి. ఈ ఒక్క రోజుకి లాప్‌టాప్ వద్దన్న రూల్ మీరే తీసెయ్యండి.

పండగని పూజ చెయ్యడం. టీమ్‌లో అన్ని మతాలవాళ్ళూ, ఏదీ పట్టనివాళ్ళూ ఉంటారు. రుచులూ కథలూ అందరివీ. హారతి, సంకల్పం, బొట్టు పెట్టడం ఇవన్నీ రెట్రోలోకి తీసుకురాకండి. ఎవరైనా ఇబ్బందిగా ఉందంటే కారణం అడక్కుండా థీమ్ మార్చేయండి, దానికి ఒక ప్రత్యామ్నాయం కింద ఇచ్చాను.

ప్రతిసారీ థీమ్ పెట్టడం. రెండు వారాలకోసారి కొత్త వేషం వేస్తే మూడో నెలకే మొహం మొత్తుతుంది. ఏడాదికి నాలుగైదు చాలు, మిగతావి మామూలుగా కానివ్వండి.

మిగతా పండగలు

భోగి. ఆపెయ్యాల్సినవి మాత్రమే రాయించండి. ఎవరూ చదవని సాయంత్రం స్టేటస్ మెయిల్, అలవాటుగా నడుస్తున్న బుధవారం కాల్, అలాంటివి. చీటీని చించి డబ్బాలో వెయ్యండి, అగ్గిపుల్ల మాత్రం గీయకండి, ఫైర్ అలారం మోగితే బిల్డింగ్ మొత్తం కిందికి దిగాలి. ప్రమాదం ఏంటంటే చిరాకు తెప్పించేవన్నీ మంటలోకి వెళ్ళిపోతాయి, కోడ్ రివ్యూతో సహా. అందుకే "ఇది ఆపితే ఎవరికి ఇబ్బంది" అని ప్రతి చీటీకీ అడిగి, ఒక్క స్ప్రింట్‌కి ఆపి చూద్దాం అని రాయండి.

వినాయక చవితి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ప్రొడక్షన్‌లో ఏదైనా పెద్దగా పడిపోయాక పెట్టే రెట్రోకి దీన్ని మించింది లేదు. శమంతకమణి కథ అందరికీ తెలిసిందే. సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు మణి వేసుకుని వేటకెళ్ళాడు, తిరిగి రాలేదు, మణి మీద కృష్ణుడికి కన్నుంది కాబట్టి ఆయనే చేసుంటాడని ఊరంతా అనేసింది. కృష్ణుడు నేను కాదని వాదిస్తూ కూర్చోలేదు, నలుగుర్ని వెంటబెట్టుకుని అడవికెళ్ళి ప్రసేనుడి శవం చూశాడు, అక్కణ్ణుంచి సింహం అడుగులు, ఆ తర్వాత ఎలుగుబంటి అడుగులు పట్టుకుని జాంబవంతుడి గుహ దాకా వెళ్ళాడు. ఇన్సిడెంట్ టైమ్‌లైన్ (ఏది ఎప్పుడు జరిగిందో చూపే వరుస) అంటే ఇంతే కదా.

బోర్డు మీద అడ్డంగా గీత గీసి అడుగుజాడలు వెయ్యండి. ప్రతి అడుగుకీ టైమ్, ఏం కనపడింది, దానికి సాక్ష్యం ఏంటి. లాగ్ లైనో, అలర్టో, చాట్ మెసేజో ఉండాలి. సాక్ష్యం లేని ప్రతి మాటా కింద "నీలాపనిందలు" అనే గడిలోకి వెళ్తుంది. "లాస్ట్ మెర్జ్ (చివరగా కలిపిన కోడ్) వాళ్ళదే కాబట్టి వాళ్ళదే తప్పు" అనేది నిందే, డిప్లాయ్ టైముకీ ఎర్రర్లు మొదలైన టైముకీ పొంతన చూపించేదాకా. చివర్లో ఆ గడిలో ఉన్నవాటిని ఒక్కొక్కటి కొట్టేయాలి, తేలనివి తేలలేదని రాయాలి. తర్వాత నిమజ్జనం: యాక్షన్లు బ్యాక్‌లాగ్‌లోకి వెళ్ళాక ఆ నిందల చీటీలు చించేస్తారు, ఇక రోజువారీ మీటింగ్ స్టాండప్‌లో గానీ అప్రైజల్‌లో గానీ వాటిని ఎవరూ ఎత్తకూడదు. ఈ మాట మీద మేనేజర్‌తో ముందే ఒప్పందం చేసుకోండి, లేకపోతే పెట్టకండి.

దసరా. పాండవులు జమ్మిచెట్టు మీద దాచిన ఆయుధాలు దించుకున్నారు కదా, మనం కొని, నేర్చుకుని, రాసి వాడకుండా దాచిన టూల్స్ ఏంటి? ఆటోమేషన్ టెస్టులు సగం ఇక్కడ దొరుకుతాయి. ఒక్కటి దించండి చాలు.

దీపావళి. చిచ్చుబుడ్డి అంటే గొప్పగా వెలిగింది, భూచక్రం అంటే తిరిగిందే తిరిగిన చర్చ, తుస్సుమన్నది అంటే ఎన్నో ఆశలు పెట్టుకుంటే పేలనిది, పక్కింట్లోకి దూరిన రాకెట్టు అంటే మన మార్పు వల్ల వేరే టీమ్‌కి తగిలిన దెబ్బ. పిల్లలున్న టీమ్‌లు దీన్ని బాగా ఆడతాయి.

సింహాచలం చందనోత్సవం. అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికొక్కరోజు, అక్షయ తృతీయ నాడు, మిగతా రోజులన్నీ చందనంలోనే. ఎప్పుడూ ఆకుపచ్చగానే కనపడే స్టేటస్ రిపోర్టు ఉంటుంది చూడండి, దాని మీద ఉన్న పూత తీసి అసలు పరిస్థితి రాయించడానికి వాడొచ్చు. భక్తి ఉన్న ఊరు మనది, బొమ్మలూ మీమ్‌లూ వెయ్యకుండా "నిజరూపం" అన్న ఆలోచన వరకే వాడండి.

క్రిస్మస్. సీక్రెట్ శాంటా చీటీలు తీసి, బహుమతి బదులు ఆ మనిషి ఈ ఏడాది చేసిన ఒక పనికి థ్యాంక్స్ రాయడం. రెండో భాగం, శాంటాకి ఉత్తరం: టీమ్‌కి ఒక్కటి ఇవ్వగలిగితే ఏం కావాలి. ఆ ఉత్తరాలు ప్రొడక్ట్ ఓనర్‌కీ మేనేజర్‌కీ ఇవ్వండి. డిసెంబర్ మూడో వారం దాటితే క్లయింట్ సైడ్ వాళ్ళు ఎవరూ దొరకరు.

అసలు ఏ పండగా వద్దనుకుంటే మన పోర్టు ఉంది. తుఫాను వచ్చినప్పుడల్లా పేపర్లో చదువుతుంటాం, "విశాఖ పోర్టులో మూడో నంబరు హెచ్చరిక" అని. ఆ నంబర్లు 1 నుంచి 11 దాకా ఉంటాయి, ఒకటి ఎక్కడో దూరంగా ఉన్నప్పుడు, పది మహా ప్రమాదం, పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. వచ్చే రిలీజ్‌కి ప్రతి ఒక్కరూ చీటీ మీద ఒక నంబరు, దాని కింద ఒక కారణం రాసి ఒకేసారి చూపించాలి. ఒకరు రెండు, ఇంకొకరు తొమ్మిది చూపిస్తే ఆ ఇద్దర్నే మొదట మాట్లాడించండి. ఎవరైనా పదకొండు చూపిస్తే మిగతావన్నీ ఆపి అదేంటో వినండి.

పని జరిగిందని ఎలా తెలుస్తుంది

అదే రోజు: ఎంతమంది చీటీలు రాశారు, ఎంతమంది గొంతు వినపడింది. మామూలుగా మాట్లాడనివాళ్ళలో ఒక్కరైనా మాట్లాడితే థీమ్ పనిచేసినట్టు. ఫొటోలు బాగా రావడం లెక్కలోకి రాదు.

వారం తర్వాత: టీమ్‌లో ఎవర్నైనా ఇద్దర్ని ఆపి "ఆ రోజు ఏం అనుకున్నాం" అని అడగండి. పచ్చడి గుర్తుండి యాక్షన్ గుర్తులేకపోతే అది బ్యాక్‌లాగ్‌లో కనపడట్లేదని అర్థం, వెళ్ళి చూడండి, ఎవరో కిందికి తోసేసి ఉంటారు.

వచ్చే రెట్రోలో: యాక్షన్ అయిందా లేదా. రెండిట్లో ఒక్కటైనా అయితే మంచిదే. రెండూ కాకపోతే కొత్తవి రాయించకండి, ఆ రెంటినే ముక్కలు చేసి రెండు రోజుల్లో అయిపోయేంత చిన్నవి చెయ్యండి.

మూడు స్ప్రింట్ల తర్వాత: బోర్డుల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. అదే వేపపువ్వు చీటీ వేర్వేరు చేతిరాతల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఈసారి గిన్నెలూ వద్దు బొట్టుబిళ్ళలూ వద్దు, ఆ ఒక్క చీటీని బోర్డు మధ్యలో అంటించి, దాన్ని ఆపగలిగే అధికారం ఎవరికుందో ఆ మనిషిని పిలిచి కూర్చోబెట్టండి.